తెనాలి లాయరు ఆఫీసులో పేపర్‌లెస్: కంటైనర్ల ప్రాజెక్టు డైరీ

తెనాలిలో మా బావ అడ్వకేట్. ఆయన ఆఫీసులోని దస్తావేజులు, ఈసీలు, అడంగల్ కాపీలు, కోర్టు కాగితాలు స్కాన్ చేసి, తెలుగులో వెతికితే దొరికేలా పెట్టాలి. అందుకు ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్. ఇది ఒక్క ప్రోగ్రామ్ కాదు, కొన్ని కంటైనర్లు (ఒక్కో ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో సహా విడిగా నడిపే పెట్టెలు) కలిసి పనిచేస్తేనే నడుస్తుంది. ఆ పెట్టెల్ని నడిపేది డాకర్. యామ్ల్ అనే పద్ధతిలో రాసిన ఒక ఫైల్ ప్రకారం వాటన్నిటినీ కలిపి నడిపేది డాకర్ కంపోజ్. ఇన్‌స్టాల్ ఎలా చేయాలో వాళ్ల డాక్యుమెంటేషన్‌లో బాగానే ఉంది కాబట్టి అది మళ్లీ రాయను. ఎక్కడ ఆగింది, ఏం కొలిచాను, ఏం మార్చాను, ఎందుకు మార్చాను అన్నదే ఇక్కడ ఉంటుంది.

సెట్టింగుల పేర్లు, కమాండ్లు పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు సెట్టింగులు ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో ఉండాలి.

మెషీన్: ఆఫీసులో మూలన పడున్న డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3 (2 కోర్లు, 4 థ్రెడ్లు), 4 జీబీ ర్యామ్, 500 జీబీ పాత హార్డ్‌డిస్క్. ఉబుంటు సర్వర్ 24.04.

దశ 1: ఏ కంటైనర్ దగ్గర ఏముంది

ముందుగా ఒక మాట. నెట్‌లో దొరికే పాత పాఠాల్లో "డాకర్", "కంపోజ్" మధ్య గీత ఉంటుంది. అది పైథాన్‌లో రాసిన మొదటి వెర్షన్, 2023 జులై నుంచి దానికి అప్‌డేట్లు లేవు. ఇప్పటిది గీత లేకుండా, డాకర్‌కే సబ్‌కమాండ్‌గా వస్తుంది. యామ్ల్ ఫైల్ మొదట్లో "వెర్షన్" అనే లైను కూడా ఇక అక్కర్లేదు. ఉంటే హెచ్చరిక చూపించి వదిలేస్తుంది.

ఫైల్ రాసే ముందే ఒక కాగితం మీద ఇలా రాసుకున్నాను. ఈ కంటైనర్‌ని తీసి పారేస్తే ఏం పోతుంది?

1. రెడిస్: చేయాల్సిన పనుల క్యూ. పోతే కొంత ఇబ్బంది.
2. పోస్ట్‌గ్రెస్: డేటాబేస్. ట్యాగులు, తేదీలు, ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదవడం) చేసిన పాఠం. పోతే మిగిలేవి పేర్లు లేని పీడీఎఫ్‌లే.
3. పేపర్‌లెస్: "మీడియా" వాల్యూమ్‌లో (కంటైనర్ బయట డిస్క్ మీద ఉండే నిల్వ) అసలు ఫైళ్లు, "డేటా" వాల్యూమ్‌లో వెతుకులాట ఇండెక్స్. ఇవి కాక కన్స్యూమ్ (కొత్త ఫైళ్లు వేసేది), ఎక్స్‌పోర్ట్ (బ్యాకప్ వచ్చేది) అనే రెండు ఫోల్డర్లు.
4. టికా: వర్డ్ ఫైళ్లలోంచి పాఠం తీస్తుంది. ఏమీ దాచుకోదు.
5. గోటెన్‌బర్గ్: వర్డ్ ఫైళ్లను పీడీఎఫ్ చేస్తుంది. ఇదీ ఏమీ దాచుకోదు.

తర్వాత వచ్చిన తిప్పలన్నింటికీ ఈ కాగితమే పనికొచ్చింది. వాల్యూమ్‌లో ఉన్నది కంటైనర్ పోయినా ఉంటుంది. కంటైనర్ లోపల మాత్రమే ఉన్నది "డౌన్" (కంటైనర్లను ఆపి తీసేసే కమాండ్) కొట్టగానే పోతుంది. "డౌన్" పక్కన "మైనస్ వి" చేర్చితే పేరున్న వాల్యూమ్‌లు కూడా పోతాయి. ఆ రెండక్షరాలు ఆఫీసు మెషీన్‌లో ఎవరూ కొట్టకూడదని మానిటర్ మీద చీటీ అంటించాం.

ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ (డాకర్ స్టాట్స్ లెక్క): రెడిస్ 9 ఎంబీ, పోస్ట్‌గ్రెస్ 58, పేపర్‌లెస్ 640, టికా 335, గోటెన్‌బర్గ్ 70.
ర్యామ్ మొత్తం: 1,112 ఎంబీ. ఇమేజ్‌లకు (కంటైనర్లను తయారుచేసే అచ్చులు) డిస్క్: సుమారు 4 జీబీ.

దశ 2: "అప్" అని చూపిస్తుంది, పేజీ రాదు

మొదటిసారి అన్నిటినీ లేపే "డాకర్ కంపోజ్ అప్ మైనస్ డి" కొట్టాక, ఏది నడుస్తోందో చూపే "పీఎస్"లో అన్నీ పచ్చగా ఉన్నాయి. బ్రౌజర్‌లో మాత్రం ఏమీ లేదు. పేపర్‌లెస్ లాగ్ చూస్తే డేటాబేస్ కోసం కొంతసేపు ఎదురుచూసి, విసిగి ఆగిపోయి, రీస్టార్ట్ పాలసీ (ఆగిపోతే మళ్లీ లేపమనే సెట్టింగ్) వల్ల మళ్లీ లేస్తోంది. "పీఎస్"లో "అప్" పక్కన ఎంతసేపటి నుంచి అన్నది కూడా ఉంటుంది. అది ఎప్పుడు చూసినా కొన్ని సెకన్లే చూపిస్తుంటే లోపల ఇదే జరుగుతోందని అర్థం.

కారణం హార్డ్‌డిస్క్. పోస్ట్‌గ్రెస్ మొదటిసారి తన డైరెక్టరీలు సిద్ధం చేసుకోవడానికి ఈ డిస్క్ మీద 50 సెకన్లు దాటింది. "డిపెండ్స్ ఆన్" (ఏది దేని తర్వాత లేవాలో చెప్పే లైను) ఉత్తగా రాస్తే కంపోజ్ చూసేది పోస్ట్‌గ్రెస్ కంటైనర్ మొదలైందా లేదా అని మాత్రమే. కనెక్షన్లు తీసుకోవడానికి సిద్ధమైందో లేదో పట్టించుకోదు.

మార్చినవి:

1. పోస్ట్‌గ్రెస్‌కి హెల్త్‌చెక్ (సిద్ధంగా ఉందో లేదో చూసే పరీక్ష) పెట్టాను, "పీజీ ఈజ్ రెడీ" కమాండ్‌తో.
2. ఆ కమాండ్‌కి హోస్ట్ 127.0.0.1 (నెట్‌వర్క్ దారిలో "నేనే" అనే అడ్రస్) అని ఇచ్చాను.
3. "డిపెండ్స్ ఆన్" కింద కండిషన్‌ని "సర్వీస్ హెల్దీ" చేశాను.

రెండోది చాలామంది వదిలేస్తారు. మొదటిసారి లేచినప్పుడు పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ ముందు ఒక తాత్కాలిక సర్వర్ నడిపి, యూజర్‌నీ డేటాబేస్‌నీ తయారుచేసి, దాన్ని ఆపి అసలు సర్వర్ మొదలుపెడుతుంది. ఆ తాత్కాలిక సర్వర్ లోపలి సాకెట్ (కంటైనర్ లోపలి ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) మీదే వింటుంది, నెట్‌వర్క్ మీద వినదు. హోస్ట్ ఇవ్వకపోతే "పీజీ ఈజ్ రెడీ" ఆ సాకెట్‌నే అడిగి, ఇంకా తయారుకాని డేటాబేస్‌ని సిద్ధంగా ఉందని చెప్పేస్తుంది.

ఇంకో సంగతి. మెషీన్ రీబూట్ అయినప్పుడు కంటైనర్లను లేపేది డాకర్, కంపోజ్ కాదు. అప్పుడు "డిపెండ్స్ ఆన్" వరస ఏమీ వర్తించదు. మన అదృష్టం కొద్దీ పేపర్‌లెస్ తానే కాసేపు ఆగి చూస్తుంది, అప్పటికీ కుదరకపోతే ఆగిపోయి మళ్లీ లేస్తుంది. రెండోసారి నుంచి పోస్ట్‌గ్రెస్ కూడా 4, 5 సెకన్లలో లేస్తోంది. అందుకే దీన్ని ఇంక కదపలేదు.

దశ 3: పాస్‌వర్డ్ మార్చినా పాతదే అడుగుతోంది

మొదటి పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంది. కంపోజ్ దాన్ని వేరియబుల్ అనుకుని, అలాంటిది లేదు, ఖాళీగా పెడుతున్నాను అని హెచ్చరించింది. ఎన్వ్ ఫైల్‌లో (సెట్టింగుల విలువలు రాసే ఫైల్) పాస్‌వర్డ్ చుట్టూ సింగిల్ కోట్స్ పెడితే ఆ గొడవ ఉండదు. యామ్ల్‌లోనే రాయాల్సివస్తే డాలర్ రెండుసార్లు కొట్టాలి. చివరికి కంపోజ్‌కి ఏం అర్థమైందో చూడాలంటే "డాకర్ కంపోజ్ కాన్ఫిగ్" కొట్టండి. పాస్‌వర్డ్‌లు కూడా బయటికి చూపిస్తుంది కాబట్టి దాని స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపకండి.

కోట్స్ పెట్టి మళ్లీ లేపితే డేటాబేస్ లాగిన్ ఫెయిల్. రెండు కంటైనర్లకూ ఒకే ఎన్వ్ ఫైల్, ఒకే విలువ. అయినా కుదరదు. ఎందుకంటే "పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్" అన్న సెట్టింగ్‌ని ఇమేజ్ చూసేది డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే. వాల్యూమ్‌లో అప్పటికే తోక తెగిన పాత పాస్‌వర్డ్ కూర్చుంది.

సరిచేసిన తీరు:

1. "డాకర్ కంపోజ్ ఎగ్జిక్"తో పోస్ట్‌గ్రెస్ కంటైనర్‌లోకి వెళ్లాను.
2. లోపల సాకెట్ ద్వారా వస్తే ఆ ఇమేజ్ పాస్‌వర్డ్ అడగదు. అలా పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు ఇచ్చే ప్రోగ్రామ్) తెరిచాను.
3. "ఆల్టర్ యూజర్"తో కొత్త పాస్‌వర్డ్ ఇచ్చాను.
4. పేపర్‌లెస్‌ని మాత్రం రీస్టార్ట్ చేశాను.

ఖాళీ డేటాబేస్ కాబట్టి వాల్యూమ్ చెరిపేసినా నడిచేది. కానీ ఆ అలవాటు పడితే రేపు కాగితాలున్న రోజున కూడా చెయ్యి అటే పోతుంది.

దశ 4: ఫైర్‌వాల్ ఉంది, లేనట్టే

ఆ ఫ్లోర్‌లో వైఫై పక్క షాపులతో కలిసి వాడతారు. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో పేపర్‌లెస్ వాడే 8000 పోర్ట్ తెరవలేదు. అయినా పక్క షాపు ఫోన్‌లో లాగిన్ పేజీ వచ్చింది. డాకర్ పోర్ట్ పబ్లిష్ చేసేటప్పుడు ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ ఫైర్‌వాల్ నియమాల పట్టికలు) తన నియమాలు తానే రాసుకుంటుంది, ఆ దారిలో యూఎఫ్‌డబ్ల్యూ నియమాలు అడ్డురావు.

పోర్ట్ లైనును 127.0.0.1:8000:8000 అని మార్చి (ఇక ఆ మెషీన్ లోపలినుంచే అందుతుంది), దాని ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ని నేరుగా మెషీన్ మీదే పెట్టాను. అది డాకర్ బయట ఉంటుంది కాబట్టి యూఎఫ్‌డబ్ల్యూ మాట వింటుంది. ఆఫీసు కంప్యూటర్ల ఐపీలకే అనుమతి ఇచ్చాను. వెంటనే ఇంకో రెండు:

1. లాగిన్ నొక్కితే 403 (అనుమతి లేదు). "పేపర్‌లెస్ యూఆర్‌ఎల్" సెట్టింగ్‌లో బయటికి కనబడే అడ్రస్ ఇచ్చాక పోయింది.
2. ఫైల్ అప్‌లోడ్ చేస్తే 413 (ఫైల్ మరీ పెద్దది). ఎన్‌జిన్ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు. "క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్" 100 ఎంబీ చేశాను.

దశ 5: తెలుగు మాయమైంది

పేపర్‌లెస్ ఇమేజ్‌లో ఇంగ్లిష్, జర్మన్ వంటి కొన్ని యూరప్ భాషలే ఉంటాయి. తెలుగు కోసం రెండు సెట్టింగులు కావాలి. "పేపర్‌లెస్ ఓసీఆర్ లాంగ్వేజెస్" ఏ భాషల ప్యాకేజీలు తెచ్చుకోవాలో చెబుతుంది. "పేపర్‌లెస్ ఓసీఆర్ లాంగ్వేజ్" వాటిలో ఏవి వాడాలో చెబుతుంది. ఒక్క "ఎస్" తేడా. రెండోదాంట్లో తెలుగు, ఇంగ్లిష్ కోడ్‌ల మధ్య ప్లస్ గుర్తు పెట్టాలి, తెలుగు ముందు ఉండాలి.

కొలతలు (300 డీపీఐ గ్రే, కంప్యూటర్‌లో కొట్టిన దస్తావేజు, ఒక పేజీకి): ఇంగ్లిష్ ఒక్కటే అయితే 6 సెకన్లు, తెలుగు ప్లస్ ఇంగ్లిష్ 14 సెకన్లు. కంప్యూటర్ ప్రింట్ బాగా చదువుతోంది, తప్పులు ఎక్కువగా ఒత్తుల దగ్గరే. పాత టైప్‌రైటర్ దస్తావేజుల్లో సగం మాటలు వస్తే గొప్ప. చేతిరాతకు ఆశ పెట్టుకోకండి.

కొన్నాళ్లు సాఫీగా నడిచాక ఒక ఉదయం ప్రతి ఫైలూ ఫెయిల్. తెలుగు భాషా ఫైల్ లేదని, లోపల ఓసీఆర్ చేసే ప్రోగ్రామ్ టెసెరాక్ట్ అంటోంది. ముందురోజు రాత్రి ఒక సెట్టింగ్ మార్చి "అప్" కొట్టాను, అంటే పాత కంటైనర్ పోయి కొత్తది వచ్చింది. ఆ సమయంలో ఆఫీసులో ఇంటర్నెట్ లేదు.

తెలుగు ప్యాకేజీ ఇమేజ్‌లో లేదు, వాల్యూమ్‌లోనూ లేదు. కంటైనర్ మొదలైనప్పుడల్లా అది ఉందో లేదో చూసుకుని, లేకపోతే నెట్ నుంచి దించుకుంటుంది. "రీస్టార్ట్" చేస్తే అదే కంటైనర్ కాబట్టి ప్యాకేజీ ఉంటుంది. కొత్త కంటైనర్ అయితే మళ్లీ దించాలి. దశ 1 కాగితంలో ఈ వరస రాయలేదు, తర్వాత చేర్చాను.

మార్చినవి:

1. రెండు లైన్ల డాకర్‌ఫైల్ (సొంత ఇమేజ్ ఎలా తయారుచేయాలో చెప్పే ఫైల్) రాశాను. మొదటి లైను పేపర్‌లెస్ ఇమేజ్ కచ్చితమైన వెర్షన్ నంబరుతో, రెండోది ఆప్ట్‌తో టెసెరాక్ట్ తెలుగు ప్యాకేజీ.
2. యామ్ల్‌లో "ఇమేజ్" బదులు "బిల్డ్".
3. "లాంగ్వేజెస్" సెట్టింగ్ తీసేశాను. "లాంగ్వేజ్" అలాగే ఉంది.
4. నెట్ కేబుల్ పీకి, "డౌన్", "అప్". తెలుగు వచ్చింది.

దశ 6: అను ఫాంట్లు, 600 డీపీఐ, సిగ్నల్ 9

అసలు టైమంతా తిన్నది ఈ దశే.

గుమస్తా గారి కంప్యూటర్‌లో పాత డ్రాఫ్టులన్నీ వర్డ్ ఫైళ్లు. అవి చదవడానికే టికా, గోటెన్‌బర్గ్ పెట్టాం. ఒక ఫైల్ వేస్తే పీడీఎఫ్ తయారైంది, కానీ నిండా పిచ్చి గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు. టికా తీసిన పాఠమూ అంతే. కారణం అను ఫాంట్లు. అవి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యల మీదే తెలుగు ముక్కలు కూర్చారు. ఫాంట్ ఉన్న మెషీన్‌లో తెలుగులా కనబడుతుంది, ఫైల్ లోపల మాత్రం తెలుగు లేదు. గోటెన్‌బర్గ్ కంటైనర్‌లో ఆ ఫాంట్ ఎలాగూ లేదు. ఉన్నా పీడీఎఫ్ కంటికి బాగుంటుందేమో గానీ వెతికితే దొరకదు.

ఫాంట్ ఉన్న విండోస్‌లోనే పీడీఎఫ్‌గా ప్రింట్ చేసి వేశాం. కంటికి తెలుగే, వెతికితే చెత్తే. మేం వాడే పేపర్‌లెస్ 2వ సిరీస్‌లో ఓసీఆర్ మోడ్ మామూలుగా "స్కిప్"లో ఉంటుంది, అంటే పీడీఎఫ్‌లో ఇప్పటికే పాఠం ఉంటే ఓసీఆర్ చేయదు. ఇక్కడ ఉన్న పాఠం ఆ పిచ్చి గుర్తులే. మోడ్‌ని "ఫోర్స్" చేయొచ్చు, కానీ అది అన్ని ఫైళ్లకూ వర్తిస్తుంది. మీ సేవ నుంచి వచ్చే శుభ్రమైన పీడీఎఫ్‌లను కూడా బొమ్మలు చేసి మళ్లీ చదువుతుంది.

చివరికి నిలిచిన పద్ధతి:

1. విండోస్‌లో పీడీఎఫ్ ప్రింట్, "అను" అనే షేర్ ఫోల్డర్‌లోకి.
2. సర్వర్ మీద చిన్న స్క్రిప్ట్: పీడీఎఫ్ టు పీపీఎం‌తో 300 డీపీఐ గ్రే బొమ్మలు.
3. ఇమ్‌జి టు పీడీఎఫ్‌తో మళ్లీ పీడీఎఫ్. ఇప్పుడు లోపల పాఠం లేదు.
4. కన్స్యూమ్ ఫోల్డర్‌లోకి తరలింపు. అక్కడినుంచి మామూలు ఓసీఆర్.

అయితే వర్డ్ ఫైళ్లు నేరుగా వేసే పనే లేదు కదా! ఆ రెండు కంటైనర్లు ఉత్తపుణ్యానికి 405 ఎంబీ తింటున్నాయి.

తీసేయాలన్న తొందర ఎందుకొచ్చిందంటే, ఆ వారమే స్కానింగ్ కుర్రాడు క్వాలిటీ బాగుంటుందని 600 డీపీఐ కలర్‌లో స్టాంపు పేపర్లు స్కాన్ చేశాడు. పనులు మధ్యలో చచ్చిపోతున్నాయి. లాగ్‌లో వర్కర్ (క్యూలోని పనులు చేసే ప్రాసెస్) సిగ్నల్ 9తో, అంటే బలవంతంగా చంపితే, పోయిందని ఉంది. హెల్త్‌చెక్ మాత్రం పచ్చగానే ఉంది, ఎందుకంటే అది చూసేది వెబ్ పేజీ పలుకుతుందా లేదా అని. కెర్నెల్ సందేశాలు చూపే "డీమెసేజ్"లో అసలు సంగతి దొరికింది. ర్యామ్ చాలక కెర్నెల్ చంపేసింది.

లెక్క చూడండి. లీగల్ సైజు పేజీ 600 డీపీఐలో 5,100 × 8,400 పిక్సెళ్లు. మూడు రంగులతో విప్పితే ఒక్క పేజీ దాదాపు 128 ఎంబీ. అదే 300 డీపీఐ గ్రే అయితే 11 ఎంబీ కూడా ఉండదు. ఓసీఆర్ పనిలో ఒకే పేజీ కాపీలు కొన్ని ఒకేసారి మెమరీలో ఉంటాయి. అప్పటికి 2 వర్కర్లు, ఒక్కోదానికి 2 థ్రెడ్లు నడుస్తున్నాయి.

మార్చినవి:

1. "టాస్క్ వర్కర్స్" 1, "థ్రెడ్స్ పర్ వర్కర్" 1.
2. స్కానర్‌లో 300 డీపీఐ గ్రే ప్రొఫైల్ మాత్రమే ఉంచాం.
3. "పేపర్‌లెస్ టికా ఎనేబుల్డ్" ఆపి, రెండు సర్వీసులూ యామ్ల్‌లోంచి తీసేశాను.
4. యామ్ల్‌లోంచి తీసినంత మాత్రాన పాత కంటైనర్లు ఆగవు. "అప్" పక్కన "రిమూవ్ ఆర్ఫన్స్" చేర్చాలి.

ర్యామ్ మొత్తం: ఖాళీగా 707 ఎంబీ, ఓసీఆర్ నడుస్తుంటే 1,150 దాకా. తగ్గింది 405. ఇమేజ్‌లకు డిస్క్: సుమారు 2 జీబీ.

దశ 7: కరెంటు, లాగులు, బ్యాకప్

కరెంటు పోయి మెషీన్ హఠాత్తుగా ఆగినా పోస్ట్‌గ్రెస్ తన లాగ్ చూసుకుని కోలుకుంది. పోయినవి బ్రౌజర్ నుంచి అప్‌లోడ్ చేసి వరసలో ఉన్న ఫైళ్లు. అలా వచ్చిన ఫైల్ ఓసీఆర్ అయ్యేదాకా కంటైనర్ లోపలి తాత్కాలిక ఫోల్డర్‌లో ఉంటుంది. దాని గురించి గుర్తుపెట్టుకునే క్యూ రెడిస్‌లో ఉంటుంది. రెడిస్ ప్రతి మార్పునూ అప్పటికప్పుడు డిస్క్‌కి రాయదు. కన్స్యూమ్ ఫోల్డర్‌లో వేసినవి మాత్రం భద్రం. పేపర్‌లెస్ లేవగానే ఆ ఫోల్డర్ మళ్లీ చూస్తుంది. అప్పటినుంచి బ్రౌజర్ అప్‌లోడ్ బంద్, అందరూ ఫోల్డర్‌లోనే వేస్తారు.

కంటైనర్ ఆపమంటే డాకర్ 10 సెకన్లు చూసి చంపేస్తుంది. పోస్ట్‌గ్రెస్, పేపర్‌లెస్ రెండింటికీ "స్టాప్ గ్రేస్ పీరియడ్" 60 సెకన్లు చేశాను. యూపీఎస్ కూడా కొన్నాం.

లాగులకు డాకర్ తనంతట తాను హద్దు పెట్టదు. ఒక్కో సర్వీసుకు "మ్యాక్స్ సైజ్" 10 ఎంబీ, "మ్యాక్స్ ఫైల్" 3 ఇచ్చాను. మూడు సర్వీసులకు కలిపి 90 ఎంబీ దాటదు.

బ్యాకప్‌కి నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ వాల్యూమ్‌ని కాపీ కొట్టకండి, సగం సగం కాపీ వస్తుంది. పేపర్‌లెస్‌లోనే "డాక్యుమెంట్ ఎక్స్‌పోర్టర్" ఉంది. రోజూ రాత్రి అది ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్‌లోకి, అక్కడినుంచి బయటి డిస్క్‌కి. నా ల్యాప్‌టాప్‌లో ఖాళీ సెటప్ చేసి, "ఇంపోర్టర్"తో వెనక్కి తెచ్చి చూశాను. ల్యాప్‌టాప్‌లో కొత్త పేపర్‌లెస్ వెర్షన్ ఉండటంతో తేడా ఉందని హెచ్చరించింది. అదే వెర్షన్ పెట్టాక శుభ్రంగా వచ్చింది. అందుకే ఇప్పుడు యామ్ల్, డాకర్‌ఫైల్, ఎన్వ్ ఫైల్ కూడా అదే బయటి డిస్క్‌లో ఉంటాయి.

డిస్క్ మొత్తం: ఇమేజ్‌లు 2 జీబీ, మీడియా 11 జీబీ, ఎక్స్‌పోర్ట్ 11 జీబీ, లాగులు 0.1 జీబీ. కలిపి సుమారు 24 జీబీ.

దశ 8: పడమర దొరుకుతుంది, తూర్పు దొరకదు

"ఏరా, పడమర అని కొడితే వస్తోంది, తూర్పు అని కొడితే ఒక్కటీ రావట్లేదు. హద్దుల్లో తూర్పు లేని దస్తావేజు ఉంటుందా?" అని బావ ఫోన్. ఓసీఆర్ తప్పనుకున్నాను. పాఠం తెరిచి చూస్తే "తూర్పు" చక్కగా ఉంది.

మేం వాడుతున్నది పేపర్‌లెస్ 2వ సిరీస్. అందులో అడ్వాన్స్‌డ్ సెర్చ్ వూష్ అనే పైథాన్ లైబ్రరీ మీద నడుస్తుంది. అది పాఠాన్ని మాటలుగా విడగొట్టే పద్ధతిలో గుణింతపు గుర్తులూ పొల్లూ అక్షరాల కిందికి రావు. వాటి దగ్గర మాట తెగిపోతుంది. "తూర్పు" తెగి త, ర, ప అని మూడు ఒంటి అక్షరాలవుతుంది. ఒక్క అక్షరం ఉన్న ముక్కల్ని అది పారేస్తుంది. "పడమర"లో గుణింతమే లేదు, అందుకే మాట మొత్తం మిగిలింది. "దక్షిణం"లో "దక" వరకే మిగులుతుంది.

ఇది కంటైనర్ సెట్టింగ్‌తో పోయేది కాదు. దారి పక్కనే ఉంది. వెతికే పెట్టె పక్కన "టైటిల్ అండ్ కంటెంట్" ఎంచుకుంటే వూష్‌ని కాక నేరుగా పోస్ట్‌గ్రెస్‌ని అడుగుతుంది. అక్షరాల వరస ఎక్కడున్నా పట్టుకుంటుంది. "తూర్పు" వచ్చింది. పాఠమంతా గాలిస్తుంది కాబట్టి నెమ్మది, ఈ మెషీన్‌లో 2 సెకన్ల దాకా పడుతోంది. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే తగ్గుతుందేమో చూడాలి.

చేతిరాత దస్తావేజులకు గుమస్తా గారు సర్వే నంబరు, ఊరు, అమ్మినవారి ఇంటిపేరు టైటిల్‌లో తెలుగులో కొడుతున్నారు. అవీ ఇదే పెట్టెలో దొరుకుతున్నాయి.

మిగిలిన పని

పోస్ట్‌గ్రెస్ 16 దగ్గరే ఆపాను. పెద్ద వెర్షన్ నంబరు ఊరికే మార్చితే పాత డేటా డైరెక్టరీతో కొత్తది లేవదు. పైగా 18 ఇమేజ్‌లో వాల్యూమ్ తగిలించే చోటు కూడా మారింది. ఇదివరకు చివర "డేటా" ఉండేది, ఇప్పుడు దాని పై డైరెక్టరీకి తగిలించాలి. ల్యాప్‌టాప్‌లో కొత్త వాల్యూమ్‌తో 18 లేపి, అదే ఎక్స్‌పోర్ట్ ఫైళ్లు ఇంపోర్ట్ చేస్తే పని జరిగింది. ఆఫీసు మెషీన్‌లో ఎస్‌ఎస్‌డీ మార్చే రోజునే ఇదీ చేస్తాను. వచ్చాక ఆ కొలతలు ఇక్కడ కలుపుతాను.